ద్వారకానగర్‌లో పన్నెండు వారాల ఐఓటీ శిక్షణ: కరపత్రంలో లేనిదే పనికొచ్చింది

విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, బ్యాంకు పరీక్షల కోచింగ్ బోర్డుకూ పైథాన్ బోర్డుకూ మధ్య ఇరుక్కున్న మెట్లెక్కి రెండో అంతస్తుకు చేరితే వచ్చే ఒక శిక్షణ సంస్థలో, గత వర్షాకాలంలో నేను ఐఓటీ, అంటే వస్తువులకు సెన్సర్లు అమర్చి నెట్‌వర్క్‌కు కలిపే 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' కోర్సు పూర్తి చేశాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అదే వీధిలో ఇంచుమించు అదే కరపత్రంతో, అదే పాఠ్య ప్రణాళికతో మరికొన్ని సంస్థలు నడుస్తున్నాయి కాబట్టి నేను చెప్పే మంచిచెడులు చాలావరకు వాటికీ వర్తిస్తాయని నా అభిప్రాయం. నేను ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్‌లో ఇంజినీరింగ్ చదివి, గాజువాక ఆటోనగర్‌లోని ఒక చిన్న కర్మాగారంలో మూడేళ్లుగా మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. కళాశాలలో మైక్రోకంట్రోలర్ల (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్‌ల) గురించి చదివాను గానీ, పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడమే తప్ప చేత్తో పట్టుకుని పని చేయించిన అనుభవం లేదు. ఫీజు 22,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 25,960 రూపాయలు. రెండు వాయిదాల్లో కట్టనిచ్చారు. శని, ఆదివారాల్లో రోజుకు మూడు గంటల చొప్పున మొత్తం 72 గంటల తరగతులు. ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తావని అడిగితే మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో మూడు ఒక్క ప్రయోగశాలకే దక్కుతాయి.

మొదటి రెండు వారాలు పూర్తిగా స్లైడ్ల మీదే గడిచాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో శీతల పానీయాల యంత్రాన్ని 1980ల తొలినాళ్లలోనే నెట్‌వర్క్‌కు కలిపిన వైనం, 1999లో కెవిన్ ఆష్టన్ తన ప్రసంగానికి 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అని పేరు పెట్టిన సందర్భం, ఆయన అప్పట్లో సరుకుల రవాణాలో రేడియో ట్యాగుల వాడకం గురించి చెబుతున్నాడన్న విషయం ఆసక్తికరంగానే ఉన్నాయి. అయితే ఇవన్నీ ఒక గంటలో ముగించవలసిన సంగతులు. మిగతా గంటల్లో, పాలు అయిపోతే ఫ్రిజ్ తనంతట తానే ఆర్డర్ పెడుతుందన్న పాత ఉదాహరణను కనీసం నాలుగుసార్లు విన్నాము. మా ఇంట్లో పాల ప్యాకెట్లు తెల్లవారుజామున గేటుకు తగిలించిన సంచిలో పడతాయి, ఎక్కువ తక్కువలు అమ్మే ముందురోజు పాలవాడికి చెబుతుంది. ఆ ఏర్పాటులో ఫ్రిజ్‌కు కొత్తగా చేయగలిగిన సాయమేమిటో నాకు ఇప్పటికీ తెలియలేదు. స్లైడ్లు ఆంగ్లంలో ఉన్నా బోధన తెలుగులోనే సాగింది, ఇది చిన్న విషయం కాదు. మా బ్యాచ్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న డిప్లొమా విద్యార్థులు సగం మంది ఉన్నారు, వారు నోరు విప్పి సందేహాలు అడిగారంటే అది తెలుగు వల్లనే.

మూడో వారం ప్రయోగశాలలో అడుగుపెట్టాము. ప్రతి ఒక్కరికీ సొంతంగా కిట్ ఇస్తామని కరపత్రంలో రాసిన మాట నిలబెట్టుకున్నారు. వై-ఫై ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32 ఒకటి, టంకం లేకుండా తీగలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు, డీహెచ్‌టీ11 ఉష్ణోగ్రత సెన్సర్, శబ్ద తరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, నేల తేమ సెన్సర్, సంకేతంతో పనిచేసే విద్యుత్ మీట అయిన రిలే, జంపర్ వైర్లు, ఒక యూఎస్‌బీ కేబుల్ అందులో ఉన్నాయి. తీరా మొదటి రోజు ఇరవై మందిలో ఎనిమిది మంది లాప్‌టాప్‌లకు బోర్డు కనిపించనే లేదు. డ్రైవర్లు మళ్లీ మళ్లీ ఎక్కించారు, సాఫ్ట్‌వేర్ తీసి పెట్టారు, లాప్‌టాప్‌లు ఆపి తెరిచారు. చివరికి తేలిందేమంటే, కిట్‌లో వేసిన కేబుళ్లలో కొన్నింటికి చార్జింగ్ తీగలు తప్ప సమాచారం పంపే తీగలు లేవు. ఒక రోజు తరగతి కేబుళ్ల పాలైంది. డీహెచ్‌టీ11 కూడా చవక సరుకే: రెండు డిగ్రీలు అటూ ఇటూ తేడా చూపించడం దాని స్వభావం, సెకనుకు ఒకసారికి మించి అడిగితే జవాబివ్వదు. నేర్చుకోవడానికి సరిపోతుంది గానీ, దాన్ని పట్టుకుని విశాఖ ఉక్కపోతను కొలుస్తామనుకోవడం ఆశపోతుతనం.

ఈ కోర్సుకు విలువ తెచ్చింది ప్రయోగశాల బాధ్యత చూసే మేడమ్. ఆమె ఒకప్పుడు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పని చేసి వచ్చారు. ఆమె పేరు కరపత్రంలో ఎక్కడా లేదు. కరపత్రంలో ఫొటో వేసుకున్న ప్రధాన శిక్షకుడు మాకు పన్నెండు వారాల్లో మూడుసార్లు దర్శనమిచ్చారు. 'మేడమ్, కోడ్ అంతా సరిగ్గానే ఉందండి, రీడింగ్ మాత్రం రావడం లేదు' అని ఎవరైనా పిలిస్తే ఆమె తెర వైపు చూసేవారే కాదు. 'కోడ్ సంగతి తర్వాత చూద్దాం నాయనా, ముందు మల్టీమీటర్ తియ్యి' అనేవారు. వోల్టేజి కొలిచే ఆ మీటరు పెట్టి చూస్తే పదిసార్లలో ఏడెనిమిదిసార్లు తప్పు తీగలోనో, బ్రెడ్‌బోర్డు వదులు కంటాక్టులోనో, భూమి తీగ కలపకపోవడంలోనో దొరికేది. అల్ట్రాసోనిక్ సెన్సర్ 5 వోల్టుల మీద నడుస్తుంది, ఈఎస్‌పీ32 కాళ్లు (తీగలు కలిపే పిన్నులు) 3.3 వోల్టులకు మించి ఓర్చుకోవు. కాబట్టి సెన్సర్ నుంచి తిరిగి వచ్చే సంకేతాన్ని ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వాలని చెప్పి, తగ్గించక ముందు, తగ్గించిన తర్వాత ఎంత వోల్టేజి వస్తోందో మా చేతనే కొలిపించారు. అంతర్జాలంలో దొరికే ఉచిత పాఠాల్లో చాలావాటిలో ఈ రెండు రెసిస్టర్ల ప్రస్తావనే ఉండదు, వాటిని నమ్మి కలిపినా బోర్డు కొన్నాళ్లు పని చేస్తుంది కూడా, అదే అసలు ప్రమాదం.

ఒక ఆదివారం జరిగినదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. నేల తేమ సెన్సర్‌ను 25వ నంబరు కాలికి కలిపి రీడింగులు చూస్తున్నాను. పొడి మట్టికి ఒక అంకె, తడి మట్టికి ఒక అంకె చక్కగా మారుతూ వస్తున్నాయి. ఆ సమాచారాన్ని సర్వర్‌కు పంపడానికి వై-ఫై భాగం జోడించగానే రీడింగ్ ఒకచోట బిగుసుకుపోయింది. వై-ఫై వరుసలు తీసేస్తే మళ్లీ మామూలే. సెన్సర్ మార్చాను, బోర్డు మార్చాను, పక్కవాళ్ల కోడ్ తెచ్చి పెట్టుకున్నాను, రెండు గంటలు గడిచాయి. మేడమ్ జవాబు చెప్పలేదు. చిప్ వివరాలుండే డేటాషీట్ తెరిపించి, అనలాగ్ సంకేతాలను అంకెలుగా మార్చే భాగం ఈ చిప్‌లో ఎన్ని ఉన్నాయో వెతకమన్నారు. రెండున్నాయి. వాటిలో రెండోదాన్ని వై-ఫై తన అవసరాలకు వాడుకుంటుంది, కనుక వై-ఫై నడుస్తుండగా ఆ రెండోదానికి చెందిన కాళ్ల మీద కొలతలు నమ్మకూడదు. 25వ కాలు దానికి చెందినదే. తీగను 34వ కాలికి మార్చగానే అంతా సర్దుకుంది. ఈ సంగతి ఆమె మొదటి రోజే బోర్డు మీద రాసి ఉంటే నేను నోటు పుస్తకంలోకి ఎక్కించి మరచిపోయేవాణ్ని. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్న తర్వాత తెలిసింది గనుక ఇప్పుడు ఏ కొత్త చిప్ చేతికి వచ్చినా ముందు కాళ్ల పట్టిక చూస్తున్నాను.

ఎమ్‌క్యూటీటీ నేర్పిన తీరు కూడా బాగుంది, కాకపోతే అందులో సగం యాదృచ్ఛికం. ఎడారుల్లో, మారుమూల ప్రాంతాల్లో సాగే చమురు గొట్టపు మార్గాల సమాచారాన్ని ఖరీదైన ఉపగ్రహ సంబంధాల మీద పొదుపుగా పంపడం కోసం 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి ఇది. పంపేవాడూ అందుకునేవాడూ నేరుగా మాట్లాడుకోకుండా, మధ్యలో బ్రోకర్ అనే సర్వర్‌కు ఒక శీర్షిక కింద సందేశం పంపితే, ఆ శీర్షికకు చందాదారులైన వారందరికీ అది చేరుతుంది. మాకిచ్చిన నమూనా కోడ్‌లో లోకంలో ఎవరైనా వాడుకోగల బహిరంగ బ్రోకర్ చిరునామా, అందరికీ ఒకటే శీర్షిక రాసి ఉన్నాయి. తరగతి మొదలైన పది నిమిషాలకు నేను నా ఫోన్‌లో మీట నొక్కితే రెండు బల్లల అవతల ఉన్న అమ్మాయి రిలే టక్కుమంది; ఆమె ఆపితే నాది ఆగింది. గదంతా దీపాలు దయ్యం పట్టినట్టు వెలిగి ఆరాయి. అందరూ నవ్వుకుంటుండగా మేడమ్ ఒకే ప్రశ్న వేశారు: ఈ శీర్షిక తెలిసినవాడు బ్రెజిల్‌లో కూర్చుని నొక్కితే ఏమవుతుంది? సంకేతభాషలో మార్చకుండా పంపే 1883 పోర్టుకూ, మార్చి పంపే 8883 పోర్టుకూ ఉన్న తేడా, వాడుకరి పేరు, రహస్యపదం ఎందుకుండాలన్నదీ ఆ అరగంటలో మనసుకెక్కినట్టు మరే తరగతిలోనూ ఎక్కలేదు. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్, తయారీదారు పెట్టిన రహస్యపదాలను మార్చని కెమెరాలను, రౌటర్లను వెతికి పట్టుకుని వాటితోనే పెద్ద వెబ్‌సైట్లను కూలదోసిన సంగతీ అప్పుడే చెప్పారు. భద్రతకు పాఠ్య ప్రణాళికలో కేటాయించింది ఒకే ఒక్క తరగతి. ఆ రిలేలు టక్కుమనకపోతే అదీ స్లైడ్ల మీదే పోయేది.

కరపత్రంలో పెద్ద అక్షరాలతో ప్రచారం చేసిన క్లౌడ్, డాష్‌బోర్డ్ (సెన్సర్ సమాచారాన్ని నెట్‌లోని సర్వర్‌లో ఉంచి తెర మీద గీతలుగా చూపించే) విభాగమే అన్నిటికన్నా తీసికట్టుగా సాగింది. మూడు వారాలు దానికే కేటాయించి, థింగ్‌స్పీక్ అనే వెబ్ సేవ ఉచిత ఖాతాలో గీతలు గీయించడంతో సరిపెట్టారు. ఆ ఉచిత ఖాతా 15 సెకన్లకు ఒక్కసారే కొత్త సమాచారం తీసుకుంటుందని ముందే చెప్పి ఉంటే, సెకనుకోసారి పంపుతూ గీతలో ఖాళీలెందుకు వస్తున్నాయని మేము జుట్టు పీక్కునే అవసరం ఉండేది కాదు. పైగా ఇరవై బోర్డులు, ఇరవై లాప్‌టాప్‌లు, ఇరవై ఫోన్లు కలిసి ఒకే ఒక్క ఇంటి రౌటర్ మీద వేలాడేవి. వర్షం పడి నెట్ పోయిన రోజున తరగతి రద్దయ్యేది. నెట్ లేకపోయినా లాప్‌టాప్‌లోనే బ్రోకర్‌ను నడుపుకుని పాఠం కొనసాగించవచ్చని నాకు తర్వాత తెలిసి ఒళ్లు మండింది. విద్యుత్ పొదుపు గురించి ఒక గంట మాత్రమే చెప్పారు. నిద్రావస్థలో చిప్ తీసుకునేది పది మైక్రో ఆంపియర్ల ప్రాంతంలో ఉన్నా, బోర్డు మీద వెలిగే ఎర్రదీపం, రెగ్యులేటర్ కలిసి అంతకు ఎన్నో రెట్లు తాగుతాయన్నది మాత్రం ఆ గంటలో దక్కిన మంచి ముక్క.

చివరి నాలుగు వారాలు ప్రాజెక్టుకు వదిలారు. పెద్దవాల్తేరులో మా పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పైన ట్యాంకు నిండి పొర్లిపోవడం, లేదా పండగ పూట ఖాళీగా దొరకడం నిత్యం జరిగే రభస కాబట్టి నేను ట్యాంకు నీటిమట్టం చూపించే పరికరం ఎంచుకున్నాను. కిట్‌లోని అల్ట్రాసోనిక్ సెన్సర్‌ను మూతకు బిగించి వచ్చాను. పన్నెండు రోజుల్లో దాని కాళ్ల మీద పచ్చగా చిలుము పట్టింది. లోపల ట్యాంకు ఆవిరి, బయట సముద్రపు ఉప్పుగాలి, మధ్యలో పాపం ఆ తెరిచిన బోర్డు. నీరు చొరబడని రకం సెన్సర్ కొని మార్చాను. అప్పుడు మరో చిక్కు వచ్చింది. ట్యాంకు నిండేకొద్దీ సరిగ్గా పని చేస్తూ వచ్చిన రీడింగ్, తీరా నిండబోయే సమయానికి పిచ్చి అంకెలు చూపించసాగింది. ఈ రకం సెన్సర్ తనకు ఇరవై సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నదాన్ని కొలవలేదు, మనకు అత్యవసరమైన కొలతేమో సరిగ్గా ఆ ఇరవై సెంటీమీటర్లలోనే ఉంది. మూత మీద పీవీసీ గొట్టం ముక్క నిలబెట్టి సెన్సర్‌ను పైకెత్తితే సమస్య తీరింది. 'నీ ఇంజినీరింగ్ అంతా చివరికి గొట్టం ముక్క మీదే నిలబడిందట్రా' అని పిన్ని ఎకసెక్కమాడింది గానీ, మోటారు మీట ఎప్పుడు వేయాలో వాచ్‌మన్ ఇప్పుడు ఫోన్ చూసుకునే నిర్ణయిస్తున్నాడు. పరికరం ఆగిపోతే తన తరఫున 'నేను లేను' అని చెప్పే సందేశాన్ని ఎమ్‌క్యూటీటీలో ముందుగానే బ్రోకర్ దగ్గర ఉంచవచ్చు. ఆ సదుపాయం వాడకపోయి ఉంటే, పరికరానికి కరెంటు అందక ఆగిపోయిన రోజున పాత అంకెనే నమ్మి మోటారు గంటల తరబడి నడిపేవారు.

ఇక ఉద్యోగాల సంగతి. 'నూరు శాతం ప్లేస్‌మెంట్ సహాయం' అన్న మాటలో బరువంతా చివరి పదం మీదే ఉందని చేరిన తర్వాత అర్థమైంది. ఆ సహాయం ఒక వాట్సాప్ బృందం. ఉద్యోగాల సైట్లలో ఎవరికైనా కనిపించే ప్రకటనల లింకులు అందులో పడుతుంటాయి. వాటిలో సగం బెంగళూరువి, కొన్ని ఐఓటీతో ఏ సంబంధమూ లేని టెలికాలింగ్ ఉద్యోగాలు. బయోడేటా తయారీకి ఒక నమూనా ఇచ్చారు. బ్యాచ్‌లో అందరమూ దాన్నే వాడటంతో ఇరవై మంది ఆశయాలూ ఒకే వాక్యంగా తయారయ్యాయి. కార్యాలయంలో అడిగితే సౌమ్యంగానే జవాబు చెప్పారు, కానీ ఏ సంస్థతోనూ వారికి ఒప్పందం ఉన్నట్టు నాకు కనిపించలేదు. ధ్రువపత్రాన్ని మాత్రం బంగారు అంచుతో దళసరి కాగితం మీద ఇచ్చారు.

నా అంతట నేను దరఖాస్తు చేసుకుని నగరంలోనే ఒక ఆటోమేషన్ సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లాను. వారు బంగారు అంచు వైపు చూడలేదు. సెన్సర్ సంకేతం సున్నా నుంచి కాకుండా 4 మిల్లీ ఆంపియర్ల నుంచి 20 దాకా ఎందుకుంటుందని అడిగారు. తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది, నిజంగా కొలత సున్నా అయితే 4 ఉంటుంది, ఆ తేడా తెలియడం కోసమని చెప్పాను. ఇది రోజూ కర్మాగారంలో చూసేదే. దాన్ని వోల్టేజిగా మార్చడానికి 250 ఓమ్‌ల రెసిస్టర్ వాడితే 1 నుంచి 5 వోల్టులు వస్తుందని అన్నాను. మరి ఈఎస్‌పీ32కు కలపాలంటే ఎలా అని వెంటనే మరో ప్రశ్న వచ్చింది. 5 వోల్టులు దానికి పడవు, 150 ఓమ్‌లు పెడితే 0.6 నుంచి 3 వోల్టుల మధ్య ఉంటుందని లెక్క కట్టి చెప్పగలిగానంటే ఆ రెండు రెసిస్టర్ల తరగతి చలవే. కర్మాగార యంత్రాలు సమాచారం ఇచ్చిపుచ్చుకునే మోడ్‌బస్ పద్ధతిలో రిజిస్టర్లు (విలువలు దాచే అరలు), ఆ పద్ధతికి తరచూ వాడే ఆర్‌ఎస్-485 తీగ రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు, ప్రోగ్రాములు రాసే సీ భాషలో 'వోలటైల్' అనే పదం ఎందుకు రాస్తారు, ఇంటరప్ట్ (నడుస్తున్న పని ఆపి చిప్ చేసే అత్యవసర పని) లోపల ఏ పనులు చేయకూడదు, ఇవీ తక్కిన ప్రశ్నలు. వీటిలో మోడ్‌బస్, ఆర్‌ఎస్-485 కోర్సులో లేనే లేవు. తరగతి అయిపోయాక ఆగినవాళ్లకు మేడమ్ తన పాత మీటర్ ఒకటి తెచ్చి చూపించారు కనుక కొంత చెప్పగలిగాను. రెండో విడత ఇంటర్వ్యూలో సీ భాష దగ్గర తడబడి ఆగిపోయాను, ఆ తప్పు సంస్థది కాదు.

కోర్సులో మోడ్‌బస్, ఆర్‌ఎస్-485 లేని లోపాన్ని నేను గట్టిగా ఎత్తి చూపడానికి కారణం మన ఊరే. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం పరిశ్రమలు ఉన్న చోట సెన్సర్లు దశాబ్దాలుగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మాట్లాడేది ఆ 4-20 మిల్లీ ఆంపియర్ల భాష, 1979లో పుట్టిన మోడ్‌బస్ భాష. ఇక్కడ దొరకగల ఐఓటీ ఉద్యోగాల్లో చాలావాటి సారాంశం ఆ పాత యంత్రం మాటను కొత్త నెట్‌వర్క్‌కు అర్థమయ్యేలా చేర్చడమే. ఇటువంటి ఊళ్లో నడిచే కోర్సు మూడు వారాలు డాష్‌బోర్డ్ రంగులు మార్పించి, ఆర్‌ఎస్-485కు ఒక్క గంట కూడా ఇవ్వకపోవడాన్ని నేను క్షమించలేను. సిద్ధాంతం మాత్రమే కావాలనుకునేవారికి ఇంత ఖర్చు అవసరం లేదు: ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వారి ఐఓటీ పరిచయ కోర్సు ఉచితంగా వినవచ్చు, పరీక్ష రాసేవారే రుసుము కట్టాలి. సొంతంగా ఏదైనా తయారు చేసి సంస్థ పెట్టాలన్న ఆలోచన ఉన్నవారు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని, సాఫ్ట్‌వేర్ సంస్థల సంఘమైన నాస్కామ్ వారి ఐఓటీ, ఏఐ కేంద్రం తలుపు తట్టడం మేలు. డబ్బు కట్టి చేరవలసిన అవసరం ఉన్నది, నాలాగా డిగ్రీ ఉండి చేతికి పని రానివారికి, పక్కన నిలబడి మల్టీమీటర్ తీయమనే మనిషి కావలసినవారికి.

చేరేముందు ఉచిత డెమో తరగతికి తప్పక వెళ్లండి, కాకపోతే అక్కడ స్లైడ్లు చూసి నిర్ణయించుకోకండి. ప్రయోగశాల చూపించమని అడగండి. సోల్డరింగ్ ఇనుము మొన నల్లబడి వాడినట్టుందా, కొత్తగా మెరుస్తోందా చూడండి. ప్రయోగశాల తరగతులు ఎవరు తీసుకుంటారో, వారు బ్యాచ్ చివరి దాకా ఉంటారో లేదో కాగితం మీద రాయించుకోండి. మరొక్క సంగతి: మా బ్యాచ్ వారికి తరగతి లేని వేళల్లోనూ ప్రయోగశాల వాడుకోవచ్చని కార్యాలయంలో చెప్పారు గానీ, దాని తాళం మేడమ్ బ్యాగులో ఉండేది. ఆమె రాని రోజున మేము కిట్లు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చునేవాళ్లం. తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడిగి తెలుసుకోండి.